కొబ్బరి పువ్వు ఎవరి కోసం?

పోయిన శుక్రవారం పూజకి కొబ్బరికాయ కొడితే నీళ్లు చెంచాడు కూడా రాలేదు. లోపల తెల్లగా, దూదిలాంటి ముద్ద. కుళ్లిందనుకుని చెత్తబుట్టలో వేయబోతుంటే, వీడియో కాల్‌లో ఉన్న మా అత్తయ్యగారు "అయ్యో, పువ్వొచ్చిందమ్మా! శుభం, పారేయకు" అన్నారు.

ప్రైమరీ త్రీ చదివే మా అమ్మాయికి అనుమానం. "రేకులేవీ? నానమ్మ తప్పు చెప్పిందా?" బోటనీతో డిగ్రీ చేసినదాన్ని, వెంటనే జవాబు రాలేదు. సిగ్గేసింది. రాత్రి కూర్చుని గుర్తు చేసుకున్నాను.

అది నిజంగా పువ్వు కాదు, మొలకెత్తుతున్న కొబ్బరి మొక్క బీజదళం. కంటి దగ్గరుండే చిన్న పిండం నుంచి లోపలికి ఉబ్బి, నీళ్లనీ కొబ్బరినీ పీల్చి మొలకకి అందిస్తుంది. అంటే కాయలో ప్రాణం ఉందన్నమాట. నానమ్మ అన్న శుభం అదే అనుకోమన్నాను.

ఆ నీళ్లూ కొబ్బరీ ఒకటే కణజాలం. ఇంటర్‌లో చదివిన అంకురచ్ఛదం, ఎండోస్పెర్మ్. లేత బొండాం నీళ్లలో కేంద్రకాలు గోడల్లేకుండా తేలుతుంటాయి. కాయ ముదిరేకొద్దీ గోడలు కట్టుకుని అంచున పేరుకుంటే కొబ్బరి. పుప్పొడి తెచ్చే రెండు పురుష కణాల్లో ఒకటి పిండాన్నిస్తే, రెండోది ఈ తిండికి మూలమవుతుందని రష్యన్ శాస్త్రవేత్త నవాషిన్ 1898లో చూపించారు. ఇందులో సాధారణంగా తల్లివి రెండు వాటాలు, తండ్రిది ఒకటి. (మా ఇంట్లో పిల్లల పనిలోనూ అదే లెక్క!)

బియ్యంలో మనం తినేది చాలావరకు ఇదే. బూన్ లే ప్లేస్ ఫుడ్ విలేజ్‌లో నాసి లెమాక్ తింటున్నామంటే, వరి పిల్ల తిండిని కొబ్బరి పిల్ల తిండిలో ఉడికించి లాగించేస్తున్నట్టే. పైన వేసే వేరుశనగ గుళ్ల సంగతి వేరు. అక్కడ పిండం ముందే అంకురచ్ఛదాన్ని తినేసి, బద్దల్లో దాచుకుంటుంది. మన కందిపప్పు బద్దలూ బీజదళాలే.

అసలు క్యారేజీయే లేకుండా బయల్దేరేవి ఆర్కిడ్లు. సింగపూర్ జాతీయ పుష్పం వాండా మిస్ జోకిమ్ కూడా ఆ కుటుంబమే. ధూళిలాంటి ఆ గింజల్లో అంకురచ్ఛదం ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రాలు తిండి పెడితేనే మొలుస్తాయి. చక్కెర కలిపిన అగర్ మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించవచ్చని 1922లో అమెరికాలో నడ్సన్ చూపించారు. ఆ పద్ధతితోనే 1928 నుంచి ఇక్కడి బొటానిక్ గార్డెన్స్‌లో హోల్టమ్ కొత్త సంకరాలు పెంచారు. ఇప్పుడు ఆర్కిడ్ ల్యాబుల్లో ఆ సీసాల్లో తరచూ కలిపేదేమిటో తెలుసా? కొబ్బరి నీళ్లు!

ఇది విని మా అమ్మాయి, "మన కాయ ఆర్కిడ్‌కి ఇచ్చుండాల్సింది" అంది. అప్పటికే పువ్వంతా తినేసింది.