జబ్బుకు ఏడాది ముందు ఏం జరిగింది?

‘పిల్లాడికి వైరల్ జ్వరం తగ్గింది. ఆ వెనకే షుగరు బయటపడింది. ఆ జ్వరమే తెచ్చిపెట్టిందంటారా డాక్టర్‌గారూ?’ కొవిడ్ వచ్చిపోయాక ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. ఈ వారం ముఖచిత్ర కథనానికి సంపాదకులు అప్పగించిందీ దీన్నే. గడువులోగా తిరగేసిన అధ్యయనాల్లో ఒకటి నన్ను కదలనివ్వలేదు. అది పసిపిల్లల మలం నమూనాల లెక్క.

ఫిన్లాండ్‌లోని టాంపెరె పరిశోధకులు 2017లో ‘డయాబెటాలజియా’ పత్రికలో దాన్ని ప్రచురించారు. అందులో 129 మంది పిల్లలున్నారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద సొంత శరీరమే కత్తికట్టిందని చెప్పే ఆటోయాంటీబాడీలు వీళ్ల రక్తంలో కనిపించాయి. టైప్-1 మధుమేహానికి తొలిమెట్టు అదే. పోల్చి చూడటానికి, ఆ జాడలు లేని మరో 282 మంది. అందరివీ కలిపి నాలుగువేలకు పైగా మలం నమూనాల్లో పేగుల్లో పెరిగే ఎంటెరోవైరస్‌ల కోసం వెతికారు.

వైరస్ రెండు జట్లలోనూ దొరికింది. తేడా ఉన్నది కాలంలో. ఆటోయాంటీబాడీలు తొలిసారి కనిపించడానికి ఏడాది కంటే ముందటి రోజుల్ని చూస్తే, ప్రతి పదేళ్ల పరిశీలనకు మొదటి జట్టులో 6.3 ఇన్‌ఫెక్షన్లు, రెండో జట్టులో 2.1. మూడు రెట్లు! ఆటోయాంటీబాడీలు కనిపించాక జబ్బు బయటపడటానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. అంటే బిడ్డ మాటిమాటికీ నీళ్లడుగుతున్నాడని తల్లి గమనించేసరికి, అసలు ఇన్‌ఫెక్షన్ ఎవరికీ గుర్తుండనంత వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది. నిన్నటి జ్వరం చాలాసార్లు చేసేది ఒక్కటే: శరీరానికి ఇన్సులిన్ అవసరాన్ని పెంచి, అప్పటికే ముదిరిన లోటును బయటపెట్టడం.

ఆ పాత నమూనాలు ఉండబట్టే ఈ సంగతి తెలిసింది. ఫిన్లాండ్‌లో టుర్కు, ఔలు, టాంపెరె నగరాల ఆసుపత్రుల్లో 1994 నుంచి ‘డిప్’ అనే అధ్యయనం సాగుతోంది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే, పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలో ముప్పు పెంచే జన్యువులున్నాయేమో చూస్తారు. అలా రెండు లక్షలకు పైగా పిల్లల్ని పరీక్షించారు. ముప్పున్న పిల్లలకు ఏళ్లతరబడి రక్తపరీక్షలు చేస్తూ, ప్రతి దశలోనూ నమూనాలు దాచారు. జబ్బు వచ్చాక కారణం కోసం తవ్వడమంటే, ఇల్లు కాలాక బూడిదలో అగ్గిపుల్ల కోసం వెతకడమే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నుంచి, ఎప్పటికైనా పనికొస్తుందన్న నమ్మకంతో, నమూనా ఇస్తూపోయిన తల్లిదండ్రులంటే నాకు ఎనలేని గౌరవం. ఈ శాస్త్రానికి పునాది వాళ్లే.

ఆ నిల్వలే మరో ఆధారాన్నీ ఇచ్చాయి. ఎంటెరోవైరస్‌లలో కాక్సాకీ-బి అనే కుటుంబం ఉంది; అందులో ఆరు రకాలు. వాటిలో బి1 సోకిన పిల్లల్లో ముప్పు ఎక్కువని 2014లో తేలింది. తల్లి నుంచి ఆ వైరస్‌కు యాంటీబాడీలు అందని పిల్లల్లో ఆ ముప్పు మరింత బలంగా కనిపించింది. ఈ వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ద్వారం బీటా కణాల్లో పుష్కలంగా ఉంటుంది. ఇక అమెరికా, ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీలు కలిసి నడిపే ‘టెడ్డీ’ అధ్యయనం 2019లో ఇంకో మెలిక విప్పింది: వచ్చి పోయే ఇన్‌ఫెక్షన్ల కంటే, ఎంటెరోవైరస్-బి జాతి వైరస్ ఒంట్లో చాలాకాలం తిష్ఠవేయడమే ఆటోయాంటీబాడీలతో ముడిపడి ఉంది.

ఈ అనుమానం పాతదే. గవదబిళ్లల తర్వాత వచ్చిన మధుమేహం గురించి 1864లోనే నార్వే వైద్యుడొకరు రాశారు. 1979లో అమెరికాలోని బెథెస్డా పరిశోధకులు, మధుమేహం ముదిరి చనిపోయిన పదేళ్ల బాలుడి క్లోమం నుంచి కాక్సాకీ-బి4కు దగ్గరి వైరస్‌ను వేరుచేశారు. ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ చక్కెర పెరిగింది. 2015లో నార్వేలో, కొత్తగా జబ్బుపడిన ఆరుగురి క్లోమం ముక్కల్లో ఎంటెరోవైరస్ జాడలు దొరికాయి.

అయినా ఇదంతా సంబంధమే, రుజువు కాదు. రుజువు టీకాతోనే రావాలి. కాక్సాకీ-బి1 నుంచి బి5 వరకు ఐదు రకాలను అడ్డుకునే టీకాను ఫిన్లాండ్‌లో 32 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లపై పరీక్షించారు. సురక్షితమని, యాంటీబాడీలు పుట్టించిందని 2024లో ప్రకటించారు. పిల్లల్లో జబ్బును ఆపుతుందా అన్నదే మిగిలిన ప్రశ్న.

మన సంగతి? 20 ఏళ్లలోపు టైప్-1 బాధితులు ఎక్కువగా ఉన్నది భారత్‌లోనేనని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య అంచనా. ఐసీఎంఆర్ 2006 నుంచి యువ మధుమేహుల రిజిస్ట్రీ నడుపుతోంది. మంచి పనే. కానీ అందులో పేరు ఎక్కేది జబ్బు వచ్చాకే. మన జన్యువులు వేరు, మన నీళ్లు వేరు, పసితనంలో మన పిల్లలకు తగిలే వైరస్‌ల వరసా వేరు. ఫిన్లాండ్ జవాబు మనకు అచ్చంగా సరిపోతుందని అనుకోలేం. వరంగల్‌లోనో కాకినాడలోనో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఇవాళ మొదలుపెడితే, ఫలితం చూడటానికి పదిహేనేళ్లు పడుతుంది. ఇవాళ మొదలుపెట్టాలనడానికి అదే కారణం.

సరిహద్దుకు అటూ ఇటూ

ఫిన్లాండ్ పక్కనే రష్యా కరేలియా. ముప్పు జన్యువులు రెండుచోట్లా దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ కరేలియా పిల్లల్లో టైప్-1 ఆరోవంతే. విచిత్రమేమిటంటే ఎంటెరోవైరస్ ఇన్‌ఫెక్షన్లు అక్కడే ఎక్కువ! దీనికి ఒక వివరణ ఉంది: వైరస్ విస్తారంగా ఉన్నచోట తల్లికి యాంటీబాడీలుంటాయి, అవి బిడ్డకు అందుతాయి. ఆ రక్షణలో ఉండగానే వైరస్ సోకితే హాని తక్కువ. పరిశుభ్రత పెరిగిన దేశాల్లో ఆ కవచం పలచబడింది. పోలియో విషయంలోనూ ఇలాంటిదే జరిగింది.

కొవిడ్ మాటేమిటి?

2023లో రెండు అధ్యయనాలు రెండు మాటలు చెప్పాయి. ముప్పు జన్యువులున్న యూరప్ పసిపిల్లల్లో కొవిడ్‌కూ ఆటోయాంటీబాడీలకూ సంబంధం కనిపించింది. టెడ్డీ పిల్లల్లో కనిపించలేదు. వయసు తేడా కారణం కావచ్చు. టెడ్డీ పిల్లలు అప్పటికే పెద్దవాళ్లు.

ఆలస్యం వద్దు

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం... ఇవి కనిపిస్తే అదేరోజు వేలి చుక్క రక్తంతో షుగరు చూపించాలి. వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతైన ఊపిరి తోడైతే అది అత్యవసర పరిస్థితి. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.