పాఠం 9 : కొరియా విభజన – ఒకే జాతి, రెండు రాజ్యాలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• కొరియా విభజనకు దారితీసిన పరిస్థితులను వివరించగలుగుతారు.
• తాత్కాలికంగా గీసిన రేఖ శాశ్వత సరిహద్దుగా మారిన క్రమాన్ని విశ్లేషించగలుగుతారు.
• పునరేకీకరణ నినాదం రెండు ప్రభుత్వాల రాజకీయాల్లో వహించిన పాత్రను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఒక దేశం విడిపోయిందంటే మతం, భాష, ప్రాంతీయ అసమానతల వంటి కారణాల కోసం వెతుకుతాం. కొరియా విభజనకు ఇవేవీ కారణాలు కావు. కొరియన్లందరిదీ ఒకే భాష, ఒకే లిపి. 1392లో ఏర్పడిన చోసన్ రాజవంశం ఐదు శతాబ్దాలకు పైగా ఆ ద్వీపకల్పమంతటినీ ఒకే రాజ్యంగా పాలించింది. అటువంటి ప్రజలు నేడు రెండు రాజ్యాలలో బతుకుతున్నారు. తమ దేశాన్ని పిలుచుకోవడానికి కూడా వారికి ఉమ్మడి పేరు లేదు. దక్షిణాదివారు 'హంగుక్' అంటారు, ఉత్తరాదివారు 'చోసన్' అంటారు.

ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. రెండు ప్రభుత్వాలూ దశాబ్దాల పాటు ఐక్యతే తమ ధ్యేయమని చెప్పాయి. అయినా విభజన ఎందుకు బలపడింది?

9.2 రేఖ ఎలా ఏర్పడింది?

1910లో జపాన్ కొరియాను తన సామ్రాజ్యంలో కలుపుకొంది. 1919 మార్చి 1న దేశవ్యాప్తంగా స్వాతంత్ర్య ప్రదర్శనలు జరిగాయి. వాటిని జపాన్ అణచివేసింది. అదే ఏడాది ప్రవాస నాయకులు షాంఘైలో తాత్కాలిక ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశారు. 1943 నాటి కైరో ప్రకటనలో మిత్రరాజ్యాలు కొరియాకు స్వాతంత్ర్యం ఇస్తామన్నాయి గాని, ఎప్పుడన్నది స్పష్టం చేయలేదు.

1945 ఆగస్టు 8న సోవియట్ యూనియన్ జపాన్‌పై యుద్ధం ప్రకటించింది. సోవియట్ సేనలు కొరియా వైపు వేగంగా కదిలాయి. అమెరికా సేనలు ఇంకా దూరంగానే ఉన్నాయి. ఆగస్టు 10 రాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులకు ఒక పని అప్పగించారు. లొంగిపోయే జపాన్ సేనల ఆయుధాలను ఎవరు ఎక్కడ స్వీకరించాలో సూచించడమే ఆ పని. వారు పటం చూసి 38వ ఉత్తర అక్షాంశాన్ని ఎంచుకున్నారు. దానివల్ల రాజధాని సియోల్ అమెరికా వైపు ఉంటుంది. సోవియట్ యూనియన్ ఇందుకు అంగీకరించింది. కొరియన్లను మాత్రం ఎవరూ అడగలేదు.

దీన్ని జర్మనీతో పోల్చి చూడండి. జర్మనీ యుద్ధం ప్రారంభించి ఓడిన దేశం. కొరియా యుద్ధం ప్రారంభించలేదు, అది పరాయి పాలనలో నలిగిన దేశం. ఆసియాలో యుద్ధం చేసి ఓడింది జపాన్. విభజనకు గురైంది మాత్రం దాని వలస.

9.3 రెండు ప్రభుత్వాల ఆవిర్భావం

1945 డిసెంబరులో మాస్కోలో సమావేశమైన విదేశాంగ మంత్రులు కొరియాకు ఐదేళ్ల వరకు ట్రస్టీషిప్‌ను ప్రతిపాదించారు. దీనిపై కొరియన్లలోనే తీవ్రమైన చీలిక వచ్చింది. అమెరికా, సోవియట్ చర్చలు విఫలం కావడంతో 1947లో సమస్య ఐక్యరాజ్య సమితికి చేరింది. సమితి నియమించిన తాత్కాలిక సంఘానికి భారత దౌత్యవేత్త కె.పి.ఎస్. మీనన్ అధ్యక్షులుగా వ్యవహరించారు. ఉత్తర ప్రాంతంలోకి ఆ సంఘాన్ని అనుమతించలేదు. అందువల్ల 1948 మే 10న దక్షిణంలో మాత్రమే ఎన్నికలు జరిగాయి.

ఈ ఎన్నికలు విభజనను ఖాయం చేస్తాయని హెచ్చరించిన వారిలో కిమ్ గు ముఖ్యుడు. ఆయన షాంఘై తాత్కాలిక ప్రభుత్వానికి నాయకత్వం వహించిన జాతీయవాది, కమ్యూనిస్టు వ్యతిరేకి. అయినా 1948 ఏప్రిల్‌లో చర్చల కోసం ప్యాంగ్‌యాంగ్ వెళ్లాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. మరుసటి ఏడాది సియోల్‌లో హత్యకు గురయ్యాడు.

1948 ఆగస్టు 15న సింగ్‌మన్ రీ అధ్యక్షుడిగా దక్షిణాన కొరియా రిపబ్లిక్, సెప్టెంబరు 9న కిమ్ ఇల్ సుంగ్ నాయకత్వంలో ఉత్తరాన ప్రజాస్వామ్య ప్రజా రిపబ్లిక్ ఏర్పడ్డాయి. ప్రతి ప్రభుత్వమూ కొరియా మొత్తానికి తానే ప్రతినిధినని ప్రకటించుకొంది. ఉత్తర కొరియా 1948 రాజ్యాంగం సియోల్‌నే రాజధానిగా పేర్కొంది. 1972 వరకు అది మారలేదు. ద్వీపకల్పమంతా తమ భూభాగమేనని దక్షిణ కొరియా రాజ్యాంగంలోని 3వ అధికరణం నేటికీ చెబుతోంది. అంటే ఒకరిని గుర్తించడమంటే మరొకరు తమ హక్కును వదులుకోవడమే. ఈ పాఠంలో కీలకమైన అంశం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
కిమ్ గు కమ్యూనిస్టు వ్యతిరేకి అయినప్పటికీ ప్యాంగ్‌యాంగ్ ఎందుకు వెళ్లాడు? ఐదు వాక్యాల్లో రాయండి.

9.4 యుద్ధం, విరమణ

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశాన్ని దాటాయి. మూడు రోజుల్లో సియోల్ వారి వశమైంది. సెప్టెంబరులో అమెరికా నాయకత్వంలోని ఐక్యరాజ్య సమితి సేనలు ఇంచాన్ వద్ద దిగి పరిస్థితిని తారుమారు చేశాయి. అవి ఉత్తరానికి చొచ్చుకుపోవడంతో చైనా సేనలు యుద్ధంలోకి దిగాయి. లక్షలాది ప్రజలు మరణించారు. చివరికి సరిహద్దు మొదలైన చోటికి దగ్గరలోనే ఆగింది. అయితే 38వ అక్షాంశానికి దిగువన, యుద్ధానికి ముందు దక్షిణ కొరియాలో ఉన్న కేసాంగ్ నగరం ఉత్తరానికి చెందింది.

1953 జూలై 27న పన్‌మున్‌జోమ్‌లో కుదిరినది యుద్ధ విరమణ ఒప్పందం మాత్రమే, శాంతి ఒప్పందం కాదు. దానిపై దక్షిణ కొరియా సంతకం చేయలేదు. నాలుగు కిలోమీటర్ల వెడల్పుతో, సుమారు 250 కిలోమీటర్ల పొడవున ఏర్పడిన సైన్యరహిత మండలం నేటికీ ఉంది. స్వదేశానికి వెళ్లడానికి నిరాకరించిన యుద్ధఖైదీల విషయం చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు భారతదేశానికి చెందిన జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షులు.

9.5 ఐక్యతా నినాదం, అధికార రాజకీయాలు

1972 జూలై 4న రెండు ప్రభుత్వాలు స్వతంత్రంగా, శాంతియుతంగా, జాతీయ ఐక్యతతో ఏకం కావాలని ఉమ్మడి ప్రకటన చేశాయి. ఆ తర్వాత ఏం జరిగిందో గమనించండి. అదే ఏడాది దక్షిణాన పార్క్ చుంగ్-హీ సైనిక శాసనం విధించి, కొత్త రాజ్యాంగం ద్వారా అపరిమిత అధికారాలు పొందాడు. అధ్యక్షుడిని ఎన్నుకునే హక్కును ప్రజల నుంచి తీసి, పునరేకీకరణ పేరుతోనే ఏర్పడిన ఒక సభకు అప్పగించాడు. ఉత్తరాన కూడా డిసెంబరులో వచ్చిన కొత్త రాజ్యాంగం కిమ్ ఇల్ సుంగ్‌ను దేశాధ్యక్షుడిని చేసింది. ఐక్యత పేరు చెప్పి రెండు వైపులా పాలకులు తమ పట్టును బిగించుకున్నారు. అవతలి పక్షం నుంచి ముప్పు ఉందన్న మాట ఇంటిలోని అసమ్మతిని అణచడానికి ఉపయోగపడింది. దక్షిణాన 1948 నాటి జాతీయ భద్రతా చట్టం ఇప్పటికీ అమలులో ఉంది.

అలాగని ప్రయత్నాలన్నీ బూటకమని అనుకోకూడదు. 1991లో రెండు దేశాలు విడివిడిగా ఐక్యరాజ్య సమితిలో చేరాయి. 2000 జూన్‌లో కిమ్ డే-జంగ్, కిమ్ జోంగ్ ఇల్‌ల మధ్య తొలి శిఖరాగ్ర సమావేశం జరిగింది. కేసాంగ్‌లో దక్షిణాది కంపెనీలు, ఉత్తరాది కార్మికులతో పారిశ్రామికవాడ నడిచింది. 2016లో అది మూతపడింది. 2018లో మూన్ జే-ఇన్, కిమ్ జోంగ్ ఉన్ పన్‌మున్‌జోమ్‌లో కలుసుకున్నారు. కాని 2023 చివరలో కిమ్ జోంగ్ ఉన్ పునరేకీకరణ ధ్యేయాన్నే విడిచిపెట్టి, దక్షిణ కొరియాను శత్రు రాజ్యంగా పేర్కొన్నాడు.

9.6 విడిపోయిన కుటుంబాలు

ఈ రాజకీయాల మూల్యాన్ని సామాన్యులు చెల్లించారు. యుద్ధంలో చెల్లాచెదురైన వారి కోసం 1983లో దక్షిణ కొరియా ప్రభుత్వ టెలివిజన్ ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. అది 138 రోజుల్లో 453 గంటలకు పైగా ప్రసారమైంది. దక్షిణంలోనే ఉంటూ ఒకరి జాడ ఒకరికి తెలియని 10 వేలకు పైగా కుటుంబాలు దానివల్ల కలిశాయి.

సరిహద్దుకు అవతల ఉన్నవారి కోసం దక్షిణంలో 1,30,000 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. 2000 నుంచి 2018 వరకు ప్రత్యక్ష కలయికలు జరిగింది 21 విడతలే. అవకాశం దక్కిన కొద్దిమందీ రెండు మూడు రోజుల్లో మళ్లీ విడిపోవలసి వచ్చింది. నమోదైన వారిలో సగానికి పైగా ఇప్పటికే మరణించారు. ఒప్పందాలు కొన్నేళ్లు ఆగవచ్చు. తొంభై ఏళ్ల తల్లి ఆగలేదు.

9.7 సారాంశం

కొరియాను విభజించిన రేఖను గీసింది బయటివారు. దాన్ని గట్టిపరచింది మాత్రం, మొత్తం జాతికి తామే ప్రతినిధులమన్న రెండు ప్రభుత్వాల పోటీ. 9.1లోని ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉంది. ప్రతి పక్షమూ కోరిన ఐక్యత తన నాయకత్వంలోని ఐక్యతే. విభజనను అర్థం చేసుకోవాలంటే అగ్రరాజ్యాల పాత్రతో పాటు ఈ పోటీని కూడా పరిగణనలోకి తీసుకోవాలి.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కొరియా విభజనలో అగ్రరాజ్యాల పాత్రను, కొరియన్ నాయకుల పాత్రను పోల్చి వివరించండి.
2. 1972 ఉమ్మడి ప్రకటన తర్వాతి పరిణామాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. యుద్ధ విరమణ ఒప్పందానికి, శాంతి ఒప్పందానికి తేడా ఏమిటి?
2. విడిపోయిన కుటుంబాల సమస్యను వివరించండి.