పట్టు తర్వాత మొదలయ్యే ఆట

2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. అందులోని ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. అప్పుడు దాని కోచ్ డీజే ఫోర్బ్స్, ఏడుగురు ఆడే సెవెన్స్ రగ్బీలో న్యూజిలాండ్ జట్టు మాజీ కెప్టెన్. మ్యాచ్‌లన్నీ ముంబైలోని అంధేరీలో ఆడారు కాబట్టి, జట్టుకు మన ఊరి పేరున్నా ఆట మన ముందు జరగలేదు. అయితే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కుర్రాళ్లకు ఈ ఆట పట్టుబడటం కష్టమేమీ కాదు. వాళ్లకు కబడ్డీ తెలుసు.

కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని గట్టిగా పట్టేస్తే పని అయిపోయినట్టే. రగ్బీలో అసలు పని అక్కడే మొదలవుతుంది. కిందపడ్డవాడు బంతిని వదిలేయాలి, పడగొట్టినవాడు వెంటనే అతణ్ని వదిలేయాలి. ఆ క్షణంలో ఎవరు ముందు లేచి నిలబడి బంతిని అందుకుంటే బంతి వాళ్లదే. చేత్తో ముందుకు విసరడానికి వీల్లేదు. పక్కకో వెనక్కో అందిస్తూ పరుగెత్తాలి, లేదా కాలితో తన్నాలి. పదిహేను మంది ఆడే మైదానంలోనే సెవెన్స్‌లో ఏడుగురే ఆడతారు. మామూలు మ్యాచ్ 14 నిమిషాలే. అంత ఖాళీలో ఒక్క బంతి చేజారితే అవతలివాడు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తిపోతాడు. ఫోర్బ్స్ విలువంతా పడ్డచోట బంతిని దక్కించుకునే ఆ పనిలోనే. పరుగు వీరుల పేర్లే జనం గుర్తుపెట్టుకుంటారు గానీ, వాళ్లకు బంతి తెచ్చిపెట్టేది ఇలాంటి ఫార్వర్డ్‌లే.

1982లో ఆక్లండ్‌లో పుట్టిన ఫోర్బ్స్ 2006లో దేశం తరఫున బరిలో దిగాడు. 2008లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడయ్యాడు. 2010లో మన ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఆయన జట్టు ఫైనల్లో ఆస్ట్రేలియాను 24-17తో ఓడించి స్వర్ణం గెలిచింది. 2013లో మాస్కోలో జరిగిన సెవెన్స్ ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్‌పై 33-0. ఫైనల్లో ప్రత్యర్థికి ఒక్క పాయింటూ ఇవ్వకపోవడం నాకు ఆ 33 కంటే గొప్పగా కనిపిస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ మాత్రం చేదు మిగిల్చింది: మొదటి మ్యాచ్‌లోనే జపాన్ చేతిలో 14-12తో ఓటమి, క్వార్టర్‌ఫైనల్లో ఫిజీ చేతిలో ఓడి ఇంటిముఖం. మరుసటి ఏడు, 500కు పైగా మ్యాచ్‌లాడాక, ఫోర్బ్స్ ఆట మానేశాడు.

ఇక మన కుర్రాళ్ల విషయానికొస్తే, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఉంది. రగ్బీకి ఆ కప్పు కింది నేల సరిపోదు, దాదాపు వంద మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పున్న పచ్చిక కావాలి. అలాంటి మైదానం దొరికేవరకూ ఆగనక్కర్లేదు. ఏ బడి మైదానంలోనైనా ఫోర్బ్స్ లాంటి కోచ్ ఒక్క పూట నిలబడి, పడ్డాక ఎంత త్వరగా లేవాలో చూపిస్తే చాలు. పట్టడం మన పిల్లలకు ఎలాగూ వచ్చు.