నారగొట్టములను చుట్టు యంత్రము

నందిపేట ప్రాంతమున శ్రీరామసాగరపు నీటిని మోటార్లతో తోడుకొను రైతులకు ఇనుపగొట్టపు బరువును గూర్చియు, త్రుప్పును గూర్చియు మేము చెప్పనక్కరలేదు. ఈ రెండు కీడులును లేని గొట్టమొకటి కలదు. గాజునారను రెజిన్ అను జిగురులో ముంచి, నున్నని కడ్డీపై చుట్టి, గట్టిపడిన పిమ్మట ఊడదీసినది అది.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. 1989 మే 22వ తేదీన ప్రయోగింపబడిన అగ్ని క్షిపణికై హైదరాబాదులోని రక్షణ పరిశోధకులు నారమిశ్రమములను సిద్ధపరచిరి. అబ్దుల్ కలాముగారు తరువాత అట్టి తేలిక పదార్థముతోనే, మూడు కిలోల పట్టీలను కాళ్లకు మోయుచున్న పిల్లలకు 300 గ్రాముల పట్టీలు చేయించిరి. కాలినడకకు తోడ్పడినది పొలమునకేల తోడ్పడరాదు?

యంత్రమునకు రెండు చలనములు చాలును. రాట్నపు కదురువలె కడ్డీ తిరుగుచుండును. దాని ప్రక్కన చిన్న బండి పట్టాలపై ముందుకు వెనుకకు పోవుచుండును. కండె నుండి వచ్చు పోగు జిగురుతొట్టిలో మునిగి, మిగులు జిగురును పిండించుకొని, బండిమీదుగా కడ్డీని చేరును. పోగు బిగువు సమముగ నుండవలెను. సడలినచో పొరల నడుమ గాలి చేరి గొట్టము బలహీనమగును. కడ్డీకి ముందుగ మైనము పూసి, ఒక కొనవైపు కొంచెము సన్నగించినచో గొట్టము సులువుగ ఊడివచ్చును.

అసలు కిటుకు వాలులో నున్నది. రెండు కొనలును మూసిన గొట్టమున, నీటి ఒత్తిడివలన చుట్టుకొలత వెంబడి కలుగు లాగుడు నిడివి వెంబడి లాగుడునకు రెట్టింపు. ఈ రెంటికిని నిలుచుటకై పోగు నిడివికి సుమారు 55 డిగ్రీల వాలున పడవలెను. 100 మి.మీ. వ్యాసముగల కడ్డీ చుట్టుకొలత 314 మి.మీ. కావున అది ఒక చుట్టు తిరుగులోపల బండి సుమారు 220 మి.మీ. సాగవలెను. పండ్లచక్రములును సైకిలు గొలుసును ఈ లెక్కను నిలుపగలవు. 5 మి.మీ. వెడల్పు పోగు ఒక వాలున సుమారు 36 మారులు, ఎదురు వాలున మరల అన్నియే మారులు పోయిన గాని కడ్డీ పూర్తిగ కప్పబడదు.

పనివారి క్షేమమునకు మూడు మాటలు. జిగురును గట్టిపరచు మందును, త్వరపరచు మందును నేరుగ కలుపరాదు, కలిపినచో ప్రేలును. ఆవిరి పీల్చకుండ గాలి వచ్చుచోట పనిచేయవలెను. గాజుధూళి సోకకుండ చేతితొడుగులును, మూతికి ముసుగును ధరింపవలెను.

మొదట ఏ వస్తువు చేయవలెను? మామిడికాయలు కోయు దోటి చేయవలెనని మా అభిప్రాయము. ఇనుప దోటి కరెంటు తీగకు తగిలినచో ప్రాణమే పోవును. పొడిగను శుభ్రముగను ఉన్న గాజునార కరెంటును పోనీయదు; కాని తడిసినచో నమ్మరాదు, తీగల దరిదాపులకు ఏ దోటితోను పోరాదు. కార్బను నార కరెంటును పోనిచ్చును గనుక దోటికి అసలే పనికిరాదు. ఎండకు చెడకుండ పైని రంగు వేయవలెను.

నీటిగొట్టముల సంగతి తరువాత చూడవచ్చును. ప్రతిగొట్టమును నీటితో నింపి, పనిలో పడు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి పరీక్షింపవలెను. గాలితో పరీక్షించుట ప్రాణాపాయము.

1937లో బోధనులో నెలకొనిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా చెరకు రైతు ఎట్లు దిక్కుతోచక నిలిచెనో ఈ సీమవారెరుగుదురు. యంత్రము సభ్యులదై, దానిని బాగుచేయు నేర్పు ఊరిలోనే యున్నప్పుడు అట్టి భయము తగ్గును. సంఘమువారు రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చింతురు గాక.