వార్తల్లో పదం: ఫైబ్రోయిన్

పట్టుపురుగు గ్రంథిలో ద్రవంగా ఉండి, బయటికి లాగగానే దారంగా గట్టిపడే ప్రొటీన్ ఇది. గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే చిన్న అమైనో ఆమ్లాలే ఇందులో పదేపదే వస్తాయి. చిన్నవి కాబట్టే గొలుసులు ఒకదానికొకటి ఆనుకుని, హైడ్రోజన్ బంధాలతో బిగిసిపోతాయి. పట్టు బలమంతా అక్కడే ఉంది. సబ్బునీళ్లలో ఉడికిస్తే చుట్టూ ఉన్న సెరిసిన్ అనే జిగురు కరిగిపోతుంది, ఫైబ్రోయిన్ కరగదు. ధర్మవరం చీరకు మెరుపొచ్చేది ఆ జిగురు పోయాకే. ఫైబ్రోయిన్‌ను కరిగించాలంటే లిథియం బ్రోమైడ్ లాంటి గాఢ లవణ ద్రావణం కావాలి. అలా కరిగించి తయారుచేసిన పట్టు ద్రావణాన్ని 2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్ట్రాబెర్రీలు, అరటిపండ్లపై పలుచని పూతగా వేశారు. పూత వేయని పండ్లకన్నా అవి ఆలస్యంగా పాడయ్యాయి. ఈ పూత కంటికి కనిపించదు, వాసన ఉండదు. శాకాహారులు ఏమంటారో మరి!