పాత కారుకు అయస్కాంత పరీక్ష

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షెడ్డులో 1970 నాటి అంబాసిడర్ కారు అమ్మకానికి ఉన్నదనుకుందాం. "అన్నీ అసలు భాగాలే" అంటూ అమ్మేవాడు ఎక్కువ ధర చెబుతున్నాడు. సూర్యాపేట నుంచి కొనడానికి బయలుదేరిన మీ మామయ్య వెంట మీరూ వెళ్ళండి. జేబులో చిన్న అయస్కాంతం వేసుకోండి.

దాన్ని పలుచని గుడ్డలో చుట్టి, తలుపుల కింది అంచులకూ చక్రాల పైభాగానికీ ఆనించి చూడండి. వాన నీరు, బురద నిలిచేదీ, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఉక్కు రేకుకు అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది. తుప్పు తిన్నచోట పుట్టీ నింపి రంగు వేసి ఉంటే పట్టు సడలుతుంది. పుట్టీ మందమైనకొద్దీ రేకు దూరమై ఆకర్షణ తగ్గుతుంది మరి. కంటికి మాత్రం రెండుచోట్లా ఒకే నునుపు! అయితే కొత్త ఉక్కురేకు అతికించి ఉంటే అయస్కాంతం కనిపెట్టలేదు. అప్పుడు లోపలివైపు వెల్డింగు గుర్తులు వెతకాలి.

ఇక బానెట్ ఎత్తండి. 1970లో అంబాసిడర్‌కు 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండేది. డీజిల్ ఇంజను కనబడితే అది తరువాత మార్చినదే. (నడపడానికి లోటేమీ లేదు, కాని అసలుది కాదు.) ఛాసిస్ నంబరును రిజిస్ట్రేషన్ కాగితంతో పోల్చండి. అంకెల చుట్టూ లోహాన్ని అరగదీసినట్లుంటే మామయ్యను అక్కడే ఆపండి.

ఎందుకంటే, 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 'వింటేజ్' నంబరు కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులను మార్చి ఉండకూడదు.