క్రిస్మస్ చెట్టునకు మంగళస్నానము

పండుగ వచ్చుచున్నదనగా బూజు దులిపి, గడపలు కడిగి, ముగ్గు పెట్టనిదే మన చేతులు ఊరకుండవు. వినాయకచవితికి తెచ్చిన పత్రినైనను కడిగియే పళ్లెరమున నుంచుదుము. అయినను మార్కాపురమున మేము చూచిన కొన్ని యిండ్లలో క్రిస్మస్ చెట్టును మాత్రము తెచ్చినది తెచ్చినట్లే నిలిపి, దానిపై నక్షత్రములను, గంటలను వ్రేలాడదీయుట వాడుక. మురికిని బంగారుకాగితముతో కప్పినంతమాత్రమున అది పోవునా? సోదరీమణులారా, దీనివలన మా యెరుకలో నొక పసివాడు పడిన బాధయే మాచే నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

మా పొరుగింట విశ్రాంత ఉపాధ్యాయిని యొకరు కలరు. వారిని మేము పిన్నిగారని పిలుతుము. వారి కుటుంబమున క్రిస్మస్ తరతరముల పండుగ. 1876–78 నాటి ఘోరమైన కరవు పిమ్మట, 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌగారి కాలపు ఆ వృత్తాంతమును పిన్నిగారు ఏటేట మనుమనికి చెప్పుచుందురు. చెట్టు నిలుపుట ఆమె భర్తగారు మొదలిడిన ఆచారము. ఆయన ఇప్పుడు లేరు.

మన ప్రాంతమున క్రిస్మస్ చెట్టనగా సరుగుడే. అది సముద్రతీరపు తోటలనుండి లారీలమీద వచ్చును. నిరుడు దానిని అట్లే నిలిపిరి. మూడవ రాత్రి యేడేండ్ల మనుమనికి ఆయాసము పుట్టి, పండుగరాత్రి ఆసుపత్రిలో ఆవిరిమందు పీల్చుచు గడపవలసి వచ్చెను. ఈ యేడు సంగతి తెలియని మేనల్లుడు మరల ఆరడుగుల చెట్టును తెచ్చి ముందరిగదిలో బిగించిపోయెను. “తీయించివేయుము అమ్మాయీ. బిడ్డ ఊపిరికంటె పండుగ ఎక్కువా?” అని పిన్నిగారు కంట నీరు పెట్టుకొనిరి. తలుపుచాటున నిలిచిన బాలుడు, “తాతయ్య పెట్టేవాడు గదా, అవ్వా!” అనెను.

“ముందు వైద్యుని అడుగుదము, పిన్నిగారూ” అంటిమి. శుభ్రము చేసిన దుమ్ము తగ్గునుగాని అది ఉబ్బసమునకు మందు కాదనియు, పీల్చు మందును చేరువ నుంచుకొనవలెననియు, దగ్గు హెచ్చినచో చెట్టును వెంటనే బయట పెట్టవలెననియు వైద్యుడు చెప్పెను. ఆ మాటపై పనికి పూనుకొంటిమి.

సరుగుడున సూదులవలె కనబడునవి ఆకులు కావు. అవి కణుపులుగల సన్నని రెమ్మలు. అసలు ఆకులు ఒక్కొక్క కణుపున చుట్టును పొలుసులవలె నంటియుండును. ఆ కణుపులందును, రెమ్మల నిలువుగాళ్లయందును బాట దుమ్మంతయు దాగును. దుమ్మే గాదు, 2011లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు పరిశోధకులు క్రిస్మస్ చెట్లనుండి తీసిన 28 నమూనాలలో 53 రకముల బూజు శిలీంధ్రములను కనుగొనిరి. అవి శీతలదేశపు చెట్లేగాని, తేమయు మురికియు చేరినచోట బూజు పట్టుట ఎచ్చటనైనను ఒక్కటియే.

మొదట బాలుని మా యింటికి పంపితిమి. చెట్టు క్రింద పాత దుప్పట్లు పరచి, కిటికీలు తెరచి, పంకాను ఆపి, ముక్కులకు తడిగుడ్డలు కట్టుకొంటిమి. చీపురుతో దులుపలేదు. పలకలరాతిని పొడిగా కోసిన దుమ్ము లేచుననియు, తడిపి కోసిన అణగుననియు మన మార్కాపురమువారికి ఒకరు చెప్పవలయునా? ఇచ్చటను అదియే కీలకము. మంచినీట ముంచి పిండిన మెత్తని నూలుగుడ్డతో ఒక్కొక్క రెమ్మల గుత్తిని మొదటనుండి కొనవరకు మెల్లగా లాగితిమి. పైకొమ్మతో మొదలిడి క్రిందికి దిగవలెను. లేనిచో తుడిచినదానిపైననే మరల మురికి రాలును. సబ్బు అక్కరలేదు. కొమ్మల సందులను మెత్తని రంగుల కుంచెను తడిపి తుడిచితిమి. సాలెగూళ్లు, పురుగుగూళ్లు, ఎండిన రెమ్మలు ఏరివేసితిమి. బకెట్టులోని నీరు మూడుమారులు మార్చితిమి. మొదటి నీరు బడిపిల్లల పలక కడిగిన నీటివలె నల్లనై యుండెను. అది చూచి పిన్నిగారు చాలసేపు మాటాడలేదు.

తుదకు దుప్పట్లను లోపలికి మడచి వీథిలో దులిపితిమి. చెట్టును ఒక పగలు, ఒక రాత్రి ఆరనిచ్చితిమి. తడిచెట్టుపై విద్యుద్దీపముల తీగ చుట్టుట ప్రాణాపాయము. తీగ పైతొడుగు చిరిగియున్న, చెట్టు ఆరినను దానిని వాడరాదు. అటకమీది పెట్టెలో ఏడాదిగా నున్న అలంకారములను గూడ తుడిచితిమి. చెట్టు సంగతి తలచినవారును వీనిని మరతురు. మొదలుంచిన బకెట్టు నీటిని గుడ్డతో మూసితిమి. లేనిచో దోమలు గుడ్లు పెట్టును.

పెరడుగలవారు ఇంత శ్రమపడ నక్కరలేదు. చెట్టును తలక్రిందుగా పట్టి విదిలించి, పూలకుండీలకు నీరు పోయు జల్లుడబ్బాతో పైనుండి తడిపి, నీడను పూర్తిగా ఆరబెట్టి, పిమ్మట లోనికి తేవచ్చును. ఏ విధముగ చేసినను చెట్టును పడకగదిలో నుంచరాదు. పండుగ ముగియగానే తీసివేయవలెను, సంక్రాంతివరకు ఎండనీయరాదు.

ఆ మొదటిరాత్రి పిన్నిగారు మనుమని ప్రక్కన మేలుకొనియే యుండిరి. బాలుడు రెండుమారులు దగ్గి, పిదప నెమ్మదిగా నిద్రించెను. మిగిలిన రాత్రులును ఆయాసము లేకయే గడచెను. పండుగనాటి యుదయమున పళ్లెరముతో అరిసెలు తెచ్చియిచ్చుచు, “ఈసారి చెట్టుకు తలంటిపోసి పండుగ చేసితిమి, అమ్మాయీ” అని పిన్నిగారు నవ్విరి. ఆ వెనుకనే బాలుడు పరుగెత్తుచు వచ్చెను. ఊపిరి యాడుచున్నదో లేదోయని మేమిద్దరము ఒక్కమారే వాని రొమ్ము వంక చూచితిమి.